పన్ను పడాలని మొక్కుకున్న ఏడాది

ఆ రోజుల్లో, అంటే రాజుల కాలమేమీ కాదు, చేతిలో స్మార్ట్ ఫోనూ, ఇంట్లో వైఫై డబ్బా కూడా ఉన్న రోజులే, మా పలమనేరు వైపు ఉద్యోగమంటే ఒక లెక్క ఉండేది. పొద్దున్నే తల దువ్వుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, గడప దాటి ఎక్కడికో వెళ్ళి, సాయంత్రానికి ముఖం వాడిపోయి తిరిగి రావాలి. అప్పుడే అది ఉద్యోగం. ఇంట్లో గోడకు దిండు ఆనించుకుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, పిల్లల పాఠాలకు ఏనుగులూ తాబేళ్ళూ గీసి బెంగుళూరు కంపెనీకి పంపించే పనిని ఏమనాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకూ సరిగ్గా తెలియదు గానీ, తెలిసినట్టు ముఖం పెట్టడంలో నేను చిన్నప్పటి నుంచీ గట్టిదాన్నే. "ఫ్రీలాన్సర్‌ని" అని చెప్పేదాన్ని. మా మేనత్త ఆ మాట విని చాలాసేపు ఆలోచించి, పెళ్ళయ్యేదాకా కాలక్షేపానికా అని అడిగింది.

మా నాయనకు నాలుగు ఆవులు, ఎకరంన్నర టమోటా తోట. రోజుకు రెండుసార్లు పాల సెంటరుకు వెళ్ళి పాలు పోసి, అక్కడి అరుగు మీద కూర్చుని దేశం సంగతులన్నీ చక్కబెట్టి వస్తాడు. మీ పాప డిగ్రీ అయిపోయింది కదా, ఇప్పుడేం చేస్తోంది అని అక్కడెవరైనా అడిగితే, "ఇంట్లోనే ఉండాది" అనేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా అన్నం సహించేది కాదు. చివరికి ఒకరోజు నాయన నన్ను పిలిచి గడువు పెట్టాడు. "ఒక ఏడు చూస్తాను పాపా. ఏప్రిల్ నుంచి ఏప్రిల్. అప్పటికీ ఇది ఉద్యోగం మాదిరి కనపడకపోతే తిరపతిలో బ్యాంకు పరీక్షల కోచింగుకు చేరిపోవల్ల" అన్నాడు. నాకు లెక్కలంటే చలిజ్వరం. బ్యాంకు పరీక్ష రాయమనడమూ, బావిలో దూకమనడమూ నాకు ఒకటే. కాబట్టి ఆ ఏడాది నేను గీసిన ప్రతి ఏనుగూ నా ప్రాణం కాపాడుకోవడానికి గీసిందే.

మొదటి బిల్లు నలభై వేలు. పంపించాను. బ్యాంకులో ముప్పై ఆరు వేలు పడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది (నాకు కోపం రావడానికి నాలుగు వేలు అక్కర్లేదు, నలభై రూపాయలు చాలు). కంపెనీకి ఫోన్ చేసి, లెక్కలు చూసే ఆమెను పట్టుకుని, పల్లెటూరి పిల్లని మోసం చేస్తారా అని మొదలుపెట్టి, మీ గేటు ముందు కూర్చుంటాననే దాకా వెళ్ళాను. ఆమె పాపం ఓపికగా అంతా విని, అది టీడీఎస్ అమ్మా, పదో వంతు పన్ను కింద పట్టుకుని నీ పాన్ నంబరు మీదే గవర్నమెంటుకు కట్టేశాం, వెబ్‌సైటులో చూసుకో అంది. కొన్నాళ్ళకు చూసుకుంటే నిజంగానే నా పేరు, నా నంబరు, దాని పక్కన నాలుగు వేలు. నేను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి ఆమెకు సారీ అని మెసేజ్ పెట్టాను. పక్కన ఒక తాబేలు బొమ్మ కూడా పంపాను.

ఇదంతా అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పాలని నేను పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుంటే, ఆమె పాలక్యాను తోముతూ తలెత్తకుండానే తేల్చేసింది. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లులో సెంటరు వాళ్ళు దాణా డబ్బు ముందే పట్టుకుని మిగిలింది ఇవ్వరా, ఇదీ అంతే కదా అంది. కామర్స్ చదివిన స్నేహితురాలికి ఫోన్ చేసి గంటసేపు విన్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసరికి నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

నాయన సంగతి వేరు. ఆయన ఆ కంప్యూటర్ ముందు గొంతుకూర్చుని మూడుసార్లు అడిగాడు, ఇది గవర్నమెంటు కాగితమేనా, పైన ఉన్నది నీ పేరేనా అని. మా వంశంలో తాతముత్తాతల నుంచీ అందరూ సేద్యగాళ్ళే. సేద్యం ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి దాన్ని మా వాళ్ళు చూసింది టీవీలోనే, అదీ ఎవరి ఇంట్లోనో పరుపులు చింపి నోట్లు తీస్తున్నప్పుడు. అలాంటి ఇంట్లో ఒక పిల్ల పేరు మీద ప్రభుత్వానికి పన్ను జమ కావడం మా నాయనకు చిన్న విషయంగా కనిపించలేదు. ఆ సాయంత్రం పాల సెంటరులో ఎవరూ అడగకముందే చెప్పేశాడట, "మా పాప ఇన్‌కమ్ ట్యాక్స్ కడతా ఉండాదప్పా" అని. ఏం పని చేస్తోందో చెప్పలేదు, సంబళం ఎంతో చెప్పలేదు. జీతం సంగతి ఎవడైనా చెప్పుకుంటాడు, పన్ను సంగతి చెప్పుకునే యోగం ఎంతమందికుంది?

వారం తిరిగేసరికి నేను ఊరికి ట్యాక్స్ పాపనైపోయాను. కిరాణా అంగడిలో నాకు చిల్లర ఇచ్చేటప్పుడు ఒకసారికి రెండుసార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గంగమ్మ జాతర చందాకు వచ్చినవాళ్ళు ప్రతి ఏడూ మా ఇంటికి రాసే ఐదు వందలు కొట్టేసి రెండు వేలు రాశారు. నాయన గొణగకుండా ఇచ్చాడు. పక్కింటి పెద్దమ్మ, తన కొడుకు కంట పడకుండా మా బీరువాలో దాచుకున్న రెండు పేటల గొలుసును వచ్చి పట్టుకెళ్ళిపోయింది. మీ ఇంటికి రైడు వస్తే నా గొలుసు కూడా ఎత్తుకపోతారు గదమ్మా అని ఆమె బాధ. (ఆ గొలుసు చివరికి కొడుకు కంట పడనే పడింది. ఆ పాపం నాదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.)

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా నాయన మొదటి ఆవును కొన్నప్పుడు ఏడుకొండలవాడిని అందులో భాగస్వామిగా చేర్చుకున్నాడు. మా జిల్లాలో ఇది కొత్తేమీ కాదు. అంగడి పెట్టినా, లారీ కొన్నా స్వామికింత వాటా అని ముందే మాట ఇచ్చేస్తారు. పాల డబ్బులో పదో వంతు పసుపు గుడ్డలో ముడుపుగా చేరుతుంది, ఏడాదికోసారి కొండెక్కి హుండీలో పడుతుంది. ఆవుకు జబ్బు చేస్తే నాయన పశువుల డాక్టరుకు ఫోన్ చేశాక, పటం ముందు నిలబడి, నష్టమొస్తే నీకూ ఉండాది స్వామీ, చూసుకో అని హెచ్చరిక కూడా చేసేవాడు. నా బొమ్మల పనిలోనూ అదే ఒప్పందం అమల్లోకి వచ్చింది. పదో వంతు గవర్నమెంటుకు, పదో వంతు స్వామికి, మిగిలింది నాకు. ముగ్గురిలో పని చేస్తున్నది మాత్రం నేనొక్కదాన్నే.

ఏడాది గడిచింది. గడువు దాటింది గానీ నాయన వెంటనే తీర్పు చెప్పలేదు. రిటర్ను వెయ్యాలి కదా, ఆడిటరు సారు ఏం చెప్తాడో విని మాట్లాడదాం అన్నాడు. అలా జూలైలో ఒకరోజు ఇద్దరం తిరుపతి బస్సెక్కాం. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక మిద్దె మీద ఆయన ఆఫీసు. అందరూ ఆయన్ను ఎర్రపెన్ను సారు అంటారు. ఎవరు ఏ లెక్క తెచ్చినా ఆయన మొదట ఆ పెన్ను మూత తీస్తాడు. నేనేమో రాత్రంతా కూర్చుని పద్దుల పుస్తకం తయారుచేశాను. రంగు రంగుల గళ్ళు, ప్రతి నెల పేరు పక్కనా ఒక చిన్న ఏనుగు. అంత అందమైన పద్దు పుస్తకం తిరుపతి పట్టణంలో అంతకుముందెప్పుడూ పుట్టి ఉండదని ఇప్పటికీ నా నమ్మకం.

సారు ఏనుగుల్ని ఒకసారి చూసి పేజీ తిప్పాడు. ఖర్చుల గడి మీద పెన్ను నడిపిస్తూ వచ్చాడు. నెట్ బిల్లు సరే అన్నాడు, బొమ్మలు గీసే పలక సరే అన్నాడు, 'భాగస్వామి వాటా' దగ్గర ఆగాడు. పార్ట్‌నర్ ఎవరమ్మా, పాన్ కార్డు తెచ్చినావా అని అడిగాడు. నేను నాయన వైపు చూశాను. నాయన ఆయన తల వెనక గోడకున్న పటం వైపు చూశాడు. ఎర్రపెన్ను సారు వెనక్కి తిరిగి తానూ ఆ పటం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆయన నా కాడికి చానామందికి పార్ట్‌నర్‌గా వచ్చినాడమ్మా. వాటా తీసుకుంటాడు గానీ ఇంతవరకు ఒక్క కాగితం మీదా సంతకం పెట్టలేదు" అన్నాడు.

హుండీ రసీదు ఇవ్వదు కాబట్టి అది నీ భక్తే గానీ నీ ఖర్చు కాదు అని చెప్పి, ఎర్ర గీత పెట్టేముందు పటానికి ఒకసారి దండం పెట్టుకున్నాడు. తర్వాత ఆదాయం గడి. నేను బ్యాంకులో పడ్డ డబ్బునే ఆదాయమని రాసుకున్నాను. టీడీఎస్ కింద కోసింది నా చేతికి రాలేదు కదా, అది నాదెట్లా అవుతుంది అని నా వాదన. ఆయన ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే, అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్న నాయన జేబులోంచి పాల బిల్లు తీసి బల్ల మీద పెట్టాడు. మొదట పోసిన పాలన్నిటికీ డబ్బు రాస్తారు, తర్వాత దాణా కోత రాస్తారు, కోత మనకు రాలేదని పాలు తక్కువ పోసినామని రాసుకుంటామా అని అడిగాడు. సారు ఆ బిల్లును చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, నాతో, ఈయన దగ్గర నేర్చుకోమ్మా అన్నాడు. డిగ్రీ చదివిన నేను తల వంచుకుని కొత్త కాగితం మీద మళ్ళీ రాశాను. ఈసారి ఏనుగులు లేకుండా.

అప్పుడు ఆయన కంప్యూటర్‌లో అన్నీ కొట్టి, నవ్వుతూ శుభవార్త చెప్పాడు. నీ ఆదాయం పన్ను పడే గీతకు లోపలే ఉంది, కోసిన ముప్పై ఎనిమిది వేలూ మొత్తం వాపసు వస్తుంది అన్నాడు. నాకు కుర్చీలోంచి ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పటికే మనసులో కొత్త కంప్యూటర్ కొనేశాను, దానికి సంచీ రంగు కూడా ఎంచేశాను. పక్కకు తిరిగి చూస్తే నాయన ముఖం మంచి రేటుకు ఎదురుచూస్తూ టమోటా బండి మార్కెట్టుకు తోలినరోజు రేటు పడిపోతే ఉండే ముఖంలా ఉంది.

"అంటే సార్, మా పాప ట్యాక్స్ కట్టినట్టా, కట్టనట్టా?"

కట్టనట్టే, కట్టక్కర్లేదు కూడా అన్నాడు సారు. నాయన గొంతు తగ్గించాడు. "ముప్పై ఎనిమిదీ వద్దు సార్. కొంచెమన్నా పెట్టుకొమ్మని చెప్పేదానికి లేదా?"

ఎర్రపెన్ను సారు పెన్ను మూత పెట్టేశాడు. ఇన్నేళ్ళలో తన దగ్గరికి వచ్చినవాళ్ళందరూ తగ్గించమని అడిగినవాళ్ళే గానీ ఉంచుకోమని అడిగినవాళ్ళు లేరని, ఆ కోరికకు ఫారం ఏదీ లేదని చెప్పాడు.

బస్సులో పూతలపట్టు దాకా నాయన టికెట్టును మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. అక్కడ బస్సు ఆగినప్పుడు రెండు టీలు తెచ్చి, నాకొకటి ఇచ్చి, ఈ సంగతి మనూళ్ళో చెప్పొద్దు అన్నాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వులాటకు అనలేదు. పెళ్ళిలో మనం చదివించిన డబ్బును పెళ్ళివాళ్ళు మర్నాడు ఇంటికి తెచ్చి తిరిగిచ్చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆయనకు. గవర్నమెంటు అంతటిది కాగితాలన్నీ చూసి, ఇది సంపాదన కింద లెక్క రాదు, తీసుకుపో అన్నట్టు అర్థమైంది. గడువు కూడా అయిపోయింది కాబట్టి వచ్చే నెలలో కోచింగుకు పేరు రాయిద్దామని, కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా చెప్పాడు. నా టీ చల్లారిపోయింది.

ఇంట్లో ఆ రాత్రి నేను ఏడుస్తూ కూర్చుని అన్నం తినలేదు (మర్నాడు పొద్దున రెండింతలు తిన్నాను, అది వేరే సంగతి). నాయన చెప్పిందంతా విన్నాక అమ్మ ఆయనకు మజ్జిగ పోస్తూ ఒక్కటే అడిగింది. "ఏమయ్యా, తొలిచూలు ఆవు మొదటి ఈతలో ఎన్ని పాలిచ్చిందో చూసి సంతకు తోలేస్తామా?"

ఆవుల విషయంలో మా అమ్మ మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు. నాయన మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కుని, ఇంకొక ఈత చూస్తాము అన్నాడు. నన్ను ఆవుతో పోల్చినందుకు ఇంకో రోజైతే రచ్చ చేసేదాన్నే. ఆ రోజు మాత్రం అమ్మ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఆ విధంగా, దేశంలో జనమంతా పన్ను ఎట్లా తప్పించుకోవాలా అని ఆలోచిస్తున్న కాలంలో, ఎట్లాగైనా పన్ను పడాలి దేవుడా అని ఒక మనిషి మొక్కుకుంది. అది నేను. ఈ ఏడు నాకు పన్ను పడితే అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తాను స్వామీ, ఎట్లాగూ నీకూ వాటా ఉంది కదా అని గుర్తుచేశాను. స్వామి మీద భారం వేసి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చిన్న చిన్న పుస్తకాలు వేసేవాళ్ళు ఇద్దరిని వెతికి పట్టుకున్నాను. వాళ్ళు కోత కొయ్యరు, మొత్తం ఇచ్చేస్తారు. అక్షరాల పుస్తకాలు, వేమన పద్యాలకు బొమ్మలు, కూరగాయల పటాలు, ఏది ఇస్తే అది గీశాను. ఆ ఏడాది నేను గీసిన వంకాయల్ని కుప్పపోస్తే ఒక లారీ నిండుతుంది. వేళ్ళు బొబ్బలెక్కాయి, మెడ పట్టేసింది. ఒకసారి పండగ పూట కూడా కంప్యూటర్ ముందు నుంచి లేవకపోతే మేనత్త వచ్చి చూసి, ఇదేం కాలక్షేపమమ్మా అని నివ్వెరపోయింది. నెల నెలా ఆదాయం కూడుకుంటూ, ఆ గీతకు ఇంకా ఎంత దూరంలో ఉన్నానో గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేదాన్ని. ఫిబ్రవరిలో గీత దాటాను. ఆ రోజు ఇంట్లో చక్కెర పొంగలి చేయించాను. ఎందుకో చెప్పలేదు.

మళ్ళీ జూలై, మళ్ళీ తిరుపతి, మళ్ళీ ఆ మిద్దె మెట్లు. ఈసారి పద్దులో ఏనుగులు లేవు, భాగస్వామి లేడు, ఆదాయం మొత్తం రాసి ఉంది. సారు కీబోర్డు కొడుతున్నంతసేపూ నేను మనసులో అలిపిరి మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాయన చెప్పులు బయట విడిచి వచ్చాడు, గుడికి వచ్చినట్టు. చివరికి సారు తల పైకెత్తి, చెప్పడానికి కొంచెం మొహమాటపడుతూ, ఈసారి వాపసు ఏమీ లేదమ్మా, కోసింది పోగా నువ్వే ఇంకా పద్దెనిమిది వేల చిల్లర కట్టాలి అన్నాడు.

నాయన లేచి నిలబడ్డాడు. లోపలి జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట తీశాడు. ఎందుకైనా మంచిదని పొద్దున్నే తెచ్చుకున్నాడట. ఏ కిటికీలో కట్టాలి సార్ అని అడిగాడు. కిటికీ లేదు, ఇక్కడే కంప్యూటర్‌లో అయిపోతుంది అంటే చేతిలోని కట్టను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గవర్నమెంటు వాళ్ళెవరూ చేయి చాపి తీసుకోకపోవడం ఆయనకు వెలితిగా తోచింది. నా అకౌంటులోంచే కడతాను నాయనా, ఇది నేను కట్టాల్సిందే అన్నాను. ఒక్క నొక్కు నొక్కాను. డబ్బు పోయినట్టు ఫోను టింగుమంది. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో చురుక్కుమంది, పద్దెనిమిది వేలంటే ఎన్ని వంకాయలు! కానీ ప్రింటరులోంచి రసీదు వస్తుంటే నాయన రెండు చేతులూ చాపి అందుకున్న తీరు చూశాక ఆ మంట చల్లారిపోయింది. నాకు గర్వంగా ఉంది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, డిగ్రీ పట్టా అందుకున్నరోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక నాయన బస్టాండు వైపు కాకుండా ఇంకోవైపు నడిచాడు. ఫర్నిచర్ అంగడి ముందు ఆగి, నన్ను ఒక చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వీపు ఆనుతోందా అని అడిగాడు. ఇంకోటి, ఇంకోటి, నాలుగు కుర్చీలు మార్చాడు. ఆ రబ్బరు బ్యాండు కట్ట కోచింగు ఫీజుకని ఆయన విడిగా ఎత్తిపెట్టుకున్న డబ్బని నాకు అప్పుడు తెలిసింది.

"రెండేండ్లు దిండుకు ఆనుకోనే చేసినావు. పనికి పొయ్యే మనిషికి కుర్చీ లేకపోతే ఎట్ల పాపా" అన్నాడు.

పనికి పోయే మనిషి అన్నాడు. నేను ఆ కుర్చీలోనే గిర్రున తిరిగి గోడ వైపు ముఖం పెట్టుకున్నాను, కళ్ళు తుడుచుకోవాలి కదా. కుర్చీని బస్సు మీద కట్టించి ఊరికి తెచ్చాం. మర్నాడు పాల సెంటరులో నాయనను నా సంగతి ఎవరో అడిగారట. "పనిలో ఉండాది, సాయంత్రం దాకా మాట్లాడేదానికి కుదరదు" అన్నాడట. మెట్ల మొక్కు కూడా తీర్చుకున్నాను, మోకాళ్ళ పర్వతం దగ్గర నా మొక్కును నేనే తిట్టుకుంటూ.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి ముందస్తు పన్ను కడతాను. కట్టిన ప్రతిసారీ రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను. ఎర్రపెన్ను సారు ముందు కూర్చుని టేబుల్ ఫ్యాను ఖర్చు కింద వస్తుందా, కుర్చీ చక్రాలు మార్పించింది వస్తుందా అని పైసా పైసాకు వాదిస్తాను. ఆయన గీత కొడుతుంటే పెన్నుకు చెయ్యి అడ్డం పెడతాను. అప్పుడప్పుడు ఆ మిద్దె మెట్లు దిగుతుంటే, రసీదును మడత పడకుండా గుండెలకు ఆనించుకుని వాళ్ళ నాయన వెనకాల గబగబా దిగుతున్న ఆ వంకాయల పిల్ల గుర్తుకొస్తుంది. ముందు ముందు ఇంకా చాలా కట్టాలి, అంత సంబరపడకు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. పన్ను ప్రతి ఏడూ పడుతుంది, ఆ సంబరం మాత్రం నాకు మళ్ళీ రాలేదు.